బక్క పర్సువాడికి సప్రెసర్: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

ఒక్క గొట్ట మదియె పెక్కు రైఫిళ్లకు,
ముప్పదైన బెజ్జ మొప్పు మిగుల;
మరను జూచి కొనుము మరచిపో కెన్నడు
బక్క పర్సువాడ! యుక్కె మేలు.

అవతారిక: టెక్సస్‌లో స్థిరపడి, ఎవరిదో పొలంలో అడవిపందుల వేటకు పిలుపు అందుకుని, రైఫిల్ మోతకు చెవులు గింగురుమని, ఆ మోత తగ్గించే గొట్టం, అనగా సప్రెసర్, ధరలు చూసి కళ్లు తిరిగిన ఒక తెలుగు గృహస్థుతో కవి ఈ మాట చెబుతున్నాడు. ఆ గృహస్థుకు గ్రీన్‌కార్డు ఉన్నదని అధ్యాహారం చేసుకోవాలి. హెచ్‌-1బి మీద ఉన్నవాడికి వేట లైసెన్సు వంటి మినహాయింపు లేనిదే అక్కడ తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం. వాడికి ఈ పద్యం పఠనీయమే గాని ఆచరణీయం కాదు.

ప్రతిపదార్థం: బక్క పర్సువాడ = ఇంటి వాయిదా, కారు వాయిదా కట్టగా మిగిలినదానితో ముచ్చట తీర్చుకోదలచినవాడా; ఒక్క గొట్టము అదియె = ఒకే ఒక్క సప్రెసరు; పెక్కు రైఫిళ్లకు = ఇప్పుడున్న రైఫిలుకూ, ఇంట్లో చెప్పకుండా ఇకమీద కొనబోయే వాటికీ; ముప్పది ఐన బెజ్జము = పాయింటు 30 కేలిబరు తూటా దూరే రంధ్రం; మిగుల ఒప్పు = మిక్కిలి తగును; మరను జూచి కొనుము = మరచుట్ల కొలత సరిచూసుకుని కొను; ఎన్నడు మరచిపోకు = స్పష్టం; ఉక్కె మేలు = స్టెయిన్‌లెస్ స్టీలే శ్రేష్ఠం.

వ్యాఖ్య: "ఒక్క" అని మొదలుపెట్టడంలోనే కవి లోకజ్ఞత ఉంది. చొక్కా బిగుతైతే మార్చుకోవచ్చు, సప్రెసరు అలా కాదు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ చట్టం ప్రకారం ఫోటో, వేలిముద్రలు, ఫారం 4 ఇచ్చి, తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ అనుమతి వచ్చేదాకా అది దుకాణంలోనే ఉంటుంది. నచ్చక ఇంకొకరికి అమ్మాలన్నా మళ్లీ అదే తంతు. కాబట్టి చవగ్గా వచ్చిందని నప్పనిది కొన్నవాడికి అది చవక కాదు. ఈ రోజున్న రైఫిలుకు కాక పదేళ్ల తర్వాతి రైఫిళ్లకు కూడా కొనమని కవి హృదయం.

ఇక్కడ కాలనిర్ణయం ఒకటి సాధ్యమవుతోంది. 1934 నుంచి ప్రతి సప్రెసరు మీదా 200 డాలర్ల పన్ను ఉండేది. 2025 జూలై 4న సంతకమైన చట్టంతో అది 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది; రిజిస్ట్రేషను మాత్రం పోలేదు. బక్క పర్సును సంబోధించిన పద్యంలో 200 డాలర్ల ఊసే లేదంటే ఇది 2026 తర్వాతి రచన అని తేలుతోంది. గణాల ఇరుకువల్ల పన్నును వదిలేశాడని కొందరి వాదం. పన్ను కట్టినవాడు గణాలు చూడడు.

"ముప్పదైన": .308 వించెస్టర్, .300 బ్లాకౌట్ తూటాలకు ఈ బెజ్జం కొలిచినట్టు సరిపోతుంది. 5.56 మి.మీ. తూటా అంతకంటే సన్ననిది కనుక సులువుగా దూరిపోతుంది. కొద్ది డెసిబెల్లు నష్టం, అంతే. సన్నబెజ్జం గొట్టాన్ని .308కి బిగిస్తే మాత్రం గొట్టమూ పోతుంది, పక్కనున్నవాడికీ ప్రమాదం. కవి "పెక్కు" అన్నాడు గాని "అన్ని" అనలేదని గమనించాలి. .22 రిమ్‌ఫైర్ తూటాల సీసపు మసి లోపల పేరుకుంటుంది. విప్పి కడగడానికి వీలులేని గొట్టానికి ఆ తూటాలు తగవు. మాగ్నమ్‌లకూ పొట్టి బ్యారెళ్లకూ తయారీదారు అనుమతి ఇచ్చాడో లేదో వాడి కాగితంలోనే చూడాలి.

"మరను జూచి": పద్యానికి ప్రాణం ఇదే, డబ్బు కారిపోయేదీ ఇక్కడే. 5.56 రైఫిళ్ల మూతి మరకు సాధారణంగా అర అంగుళం వ్యాసం, అంగుళానికి 28 చుట్లు; .308కి అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులు, 24 చుట్లు. టక్కున బిగించి టక్కున తీసే క్విక్ డిటాచ్ ఏర్పాటు మీద బక్క పర్సువాడికి మోజెక్కువ. దానికి ప్రతి రైఫిలు మూతికీ ఒక ప్రత్యేక తొడుగు విడిగా కొనాలి. మూడు రైఫిళ్లకు మూడు తొడుగులు కొనేసరికి ఇంకో సప్రెసరు ధరలో సగం దాకా పోతుంది. నేరుగా మరకు తిప్పి బిగించేదే కొనమని వ్యాఖ్యాత మతం. వెనుక హబ్ అనే 1.375×24 ప్రామాణిక మర ఉన్నది తీసుకుంటే, జీతం పెరిగాక తొడుగు మార్చుకోవచ్చు. వేడెక్కితే బిగింపు వదులవుతుంది, మధ్యమధ్య చల్లారనిచ్చి చూసుకోవాలి.

మర కుదిరినంత మాత్రాన వరుస కుదిరినట్టు కాదు. నలిగి బిగుసుకునే క్రష్ వాషరు వేసి సప్రెసరు పెడితే గొట్టం వెంట్రుకవాసి పక్కకు వాలుతుంది, తూటా లోపలి అడ్డుపలకలకు (బాఫిళ్లకు) తగులుతుంది. బ్యారెల్లో అలైన్‌మెంట్ రాడ్డు దూర్చి, అది బెజ్జం నట్టనడుమ ఉన్నదని కళ్లతో చూశాకే కాల్చాలి.

శంక: ఇంత ఖర్చు పెడితే సినిమాలోలాగా "ఫుట్" మంటుందా?

సమాధానం: అనదు. రైఫిల్ మోత 160 డెసిబెల్లు దాటుతుంది. మంచి సప్రెసరు అందులో పాతిక ముప్పై తగ్గిస్తుంది. ఒక్క దెబ్బకే చెవికి హాని చేసే హద్దు 140 అంటారు. దాని అటూఇటూ వచ్చి ఆగుతుంది. గొట్టం చల్లార్చేది మందుగుండు వాయువుల పేలుడునే. సెకనుకు 800 మీటర్లు పోయే తూటా, 340 మీటర్లు పోయే ధ్వనిని దాటినందుకు చేసే టపాకాయ చప్పుడు దారి పొడుగునా ఉంటుంది, దాన్ని ఏ గొట్టమూ ఆపలేదు. అందుకే ఇయర్‌ప్లగ్గులు కూడా కొనుక్కో. అవి రెండు డాలర్లు. ఎందుచేతనో కవి వాటిని మరిచాడు.

పాఠాంతరం: "బక్క పర్సువాడ! టైటానె మేలు" అని కొన్ని ప్రతుల్లో ఉంది. ఇది అగ్రాహ్యం. "టైటానె" రెండు గురువుల మీద ఒక లఘువు, సూర్యగణం కానే కాదు. ప్రాసయతి కూడా చెడింది. ఉక్కుది 400, 500 డాలర్లకు దొరికే చోట టైటానియంది సాధారణంగా 800 దాటుతుంది కనుక పర్సుభంగం కూడా. కొండలెక్కి నడిచే వేటగాడికి తేలిక అవసరమే, ఆ పాఠం వాడికి చెల్లుతుంది. మంచె మీద కూర్చుని పంది కోసం ఎదురుచూసేవాడికి మూతి బరువు ఏం బరువు?

విశేషం: గొట్టం ఆదికర్తగా పేరుపడినవాడు హైరమ్ పెర్సీ మాక్సిమ్. 1909లో పేటెంటు. తండ్రి మాక్సిమ్ మెషీన్‌గన్ కనిపెట్టినవాడు. ఆ మోతలకు చివరికి వినికిడి కోల్పోయినవాడు. కొడుకు అదే సూత్రాన్ని మోటారు ఇంజన్ల పొగగొట్టాలకూ వర్తింపజేశాడు. ఆ గొట్టాన్నే మన కుర్రాళ్లు బుల్లెట్ బండికి ఊడదీసి, మోగేది తగిలిస్తే, హైదరాబాద్ పోలీసులు వాటిని వరుసగా పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు.

నిషేధం: "క్లీనింగు కప్పులు" అని నెట్‌లో ముప్పై డాలర్లకు అమ్మే కిట్టు చూసి మనసు పడకూడదు. చట్టం కంటికి అది సప్రెసరు కిందికే రావచ్చు; రిజిస్టరు కాని సప్రెసరుకు పదేళ్ల దాకా జైలు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇల్లినాయ్ సహా 8 రాష్ట్రాల్లో సామాన్యుడికి అసలు సప్రెసరే పనికిరాదు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న బావగారికి ఈ పద్యం వాట్సాప్ చేసే ముందు ఆలోచించాలి.

అలంకారం: పర్సు బక్కచిక్కడం రూపకమని ఒకరు, అతిశయోక్తి అని మరొకరు. బ్యాంకు స్టేట్‌మెంటు పరిశీలించిన మీదట స్వభావోక్తి అని నిర్ణయించడమైనది.