లెట్ గో: అర్థం, వాడుక, విడుదల విధానం

'లెట్ గో' ఇంగ్లిష్ వాడుకభాషలోని జంట క్రియ. పట్టుకున్నదాన్ని వదిలెయ్యడం దీని అసలు అర్థం. ఈ రోజుల్లో కంపెనీలు ఎక్కువగా వదిలేస్తున్నది ఉద్యోగిని. ప్రెస్ నోట్‌లోకి ఎక్కేటప్పుడు ఇదే క్రియ కోటు తొడుక్కుని 'రిలీజ్' అవుతుంది. 2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను, రిలీజ్ చేస్తామనడం దీనికి ఒక ఉదాహరణ.

పట్టుకోనిదాన్ని వదలడం కుదరదు. కనుక ఈ క్రియ వాడాలంటే ఉద్యోగి అంతవరకు నిర్బంధంలో ఉన్నాడని ఒప్పుకోవాలి. మాదాపూర్ అద్దాల మేడలు కారాగారాలు. మెడలోని ఐడీ కార్డు ఖైదీ నంబరు. అప్రైజల్ సత్ప్రవర్తన రికార్డు. ప్రాజెక్టు లేకుండా బెంచి మీద కూర్చోవడం ఏకాంతవాసం. టీసీఎస్ అదే ఏడాది జూన్‌లోనే దీన్ని ఏడాదికి 35 రోజులకు కుదించింది. ఖైదీల హక్కుల సంఘాలు ఈ సంస్కరణను ఎందుకు మెచ్చుకోలేదో అంతుపట్టదు.

మామూలు జైల్లో విడుదలకు ఆగస్టు 15 లాంటి ముహూర్తాలుంటాయి. ఇక్కడ హెచ్‌ఆర్ నుంచి పావుగంట మీటింగుకు పిలుపు వస్తుంది. అది ముగిసేసరికి ల్యాప్‌టాప్ పాస్‌వర్డ్ తీసుకోదు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి, నిన్నటిదాకా 'గుడ్ మార్నింగ్ సార్' అన్నవాడే, తల దించుకుని కార్డు అడుగుతాడు. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న తెలుగువాళ్లకు సదుపాయం ఇంకా ఎక్కువ: 60 రోజుల్లో కొత్త కొలువో, మరో వీసా దారో దొరక్కపోతే దేశం నుంచి కూడా విడుదలే.

ఖైదీ తన విడుదల కోసం తానే అర్జీ పెట్టుకుంటాడు. ఐటీలో చాలాచోట్ల ఆ అర్జీని కంపెనీయే దగ్గరుండి రాయిస్తుంది. దాని పేరు రాజీనామా. రాయకపోతే రిలీవింగ్ లెటర్ ఇవ్వబోమంటారు. దీని వెనక లెక్కుంది. కార్మిక చట్టం కిందికి వచ్చే ఉద్యోగిని తీసేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం ఇవ్వాలి. తానే రాజీనామా చేసినవాడికి ఆ పరిహారం రాదు.

వ్యాకరణం ప్రకారం 'కంపెనీ ఉద్యోగిని రిలీజ్ చేసింది' అన్న వాక్యంలో కర్త దయామయుడు, ఉద్యోగి కర్మ. నలభై దాటాక, ఇంటి ఈఎంఐ సగం కూడా తీరకముందు, పిల్లల ఫీజు కట్టాల్సిన నెలలో తనను వదిలిపెట్టమని ఏ ఉద్యోగీ అడగలేదు. తెలుగులో దీన్ని ఉద్యోగం పీకెయ్యడం అంటారు. పీకినవాళ్లు ఆ మాట పీకించుకున్నవాడి మొహం మీద చెప్పి, రావలసిన డబ్బు లెక్కగట్టి ఇవ్వాలి. అదీ చేతకాక, వాడి చేతే రాజీనామా రాయించుకుని స్వేచ్ఛ ప్రసాదించామనడం సిగ్గుమాలినతనం.