తీగ లాగితే

ఆర్మూర్‌లో మోటార్ వైండింగ్ షాపు పెట్టి ఇరవై రెండేళ్లయింది. కాలిన మోటారును మూత తీయకముందే వాసన చూసి ఎక్కడ షార్టయిందో చెప్పేస్తానని నాకో పేరుంది. ఆ పేరు నేను పెట్టుకున్నదే అనుకోండి. రాగి తీగ ఏదైనా రెండు వేళ్ల మధ్య నలిపి గేజ్ చెప్పడం మాత్రం నిజంగానే వచ్చు. అలాంటి నాకు, గిటారుకు ఆరంటే ఆరు తీగలు ఎంచుకోవడానికి నాలుగు నెలలు, మూడు కోళ్లు పట్టింది. కోళ్ల సంగతి తర్వాత చెప్తాను.

తప్పంతా మా బామ్మర్దిది. దుబాయ్ నుంచి వచ్చేవాళ్లు మా దిక్కు ఏం తెస్తారో అందరికీ తెలుసు: పులిబొమ్మ దుప్పటి, టైగర్ బామ్ సీసాలు, టాంగ్ డబ్బా. వాడూ దుప్పటే తెచ్చాడు. కాకపోతే దుప్పట్లో గిటారు ఉంది. క్యాంపులో వీడి పక్క మంచం ఫిలిప్పీన్స్ మనిషి ఇంటికి పోతూ సామాను తెగనమ్ముతుంటే కొన్నాడట. "చదువుకునేటప్పుడు వాయిస్తుంటివి గద బావా" అని నా ఒళ్లో పెట్టాడు. నిజామాబాద్‌లో ఐటీఐ చదివే రోజుల్లో నాలుగు కార్డులు నేర్చుకున్న మాట వాస్తవమే. ఆ నాలుగూ మరిచిపోవడానికి పెళ్లయిన మొదటి వారం సరిపోయింది.

దుప్పటి విప్పితే అది నేనెరిగిన గిటారు కాదు. మామూలు గిటారు పొట్ట రొట్టెల పీటలా చదునుగా ఉండి, నడుమ గుండ్రటి బొక్క ఉంటుంది. దీని పొట్ట దసరాకు అత్తారింటికొచ్చిన అల్లుడి పొట్టలా ముందుకు ఉబ్బి ఉంది. బొక్క ఉండాల్సిన చోట ఏమీ లేదు. అటొకటి ఇటొకటి, ఫిడేలుకు ఉన్నట్టు, వంకీలు తిరిగిన రెండు చీలికలు. తీగల కొసలు తోక దగ్గర వేలాడే లోహపు చట్రానికి తగిలించి ఉన్నాయి. దీన్ని ఆర్చ్‌టాప్ అంటారట. అమెరికాలో కలమజూ అనే ఊళ్లో చెప్పుల దుకాణంలో పనిచేసిన ఆర్విల్ గిబ్సన్ అనే ఆయన, ఫిడేలుకు చేసినట్టే గిటారు పొట్టనూ చెక్క తొలిచి చేయొచ్చు కదా అనుకున్నాడు. 1902లో ఆయన పేరుతో కంపెనీ వెలిసింది. 1922లో అదే కంపెనీలో లాయిడ్ లోర్ అనే ఆయన ఈ వంకీ చీలికలు పెట్టి ఎల్-5 అనే గిటారు తెచ్చాడు. నా ఒళ్లో ఉన్నది దానికి దూరపు చుట్టమో, ఊరికే ఇంటిపేరు కలిసిందో చెప్పలేను. లోపలి చీటీని ఎప్పుడో ఎలుక తినేసింది.

తీగలు తుప్పు పట్టి ఉన్నాయి. ఒకటి తెగి ఉంది. తీగల పని నాకు కొత్తా? కాలిన మోటారును విప్పినట్టే కటింగ్ ప్లేయరు తీసుకుని ఆరింటినీ ఒక్కసారే పీకేశాను.

టక్కున ఏదో కింద పడింది. చిన్న చెక్క ముక్క. తీగలు దాని మీదుగా పోతాయి. వీణ వాళ్లు దాన్ని గుర్రం అంటారు. మామూలు గిటారులో ఈ గుర్రాన్ని పొట్టకు అంటించేస్తారు. ఆర్చ్‌టాప్‌లో అంటించరు. తీగల ఒత్తిడికే అది నిలబడాలి. తీగలు తీసేస్తే గుర్రం కట్టు తెంచుకున్నట్టే. అందుకే దీనికి తీగలు ఒక్కొక్కటిగా మార్చాలని తర్వాత తెలిసింది. మా ఇంట్లో ఏ సంగతైనా తర్వాతే తెలుస్తుంది. ఇప్పుడు ఆ గుర్రం ఎక్కడ నిలబడేదో గుర్తు లేదు. జరిపిన చోటల్లా ఒక్కో రకం అపస్వరం. చివరికి చొక్కాలు కుట్టే టేపు తెచ్చి, మెడ కొస నుంచి పన్నెండో మెట్టు దాకా ఎంత దూరమో, అక్కడి నుంచి గుర్రం దాకా అంతే దూరం, మందపు తీగ వైపు పిసరంత ఎక్కువ ఉండాలన్న లెక్క పట్టుకుని సెట్ చేశాను. టేపు మా ఇంటావిడది. ఆమె అంది: "మోటార్లు సక్కగ చేస్తవు గద, ఏమొచ్చిందయ్యా నీకు?"

ఇంకో తెలివితక్కువ పని కూడా చెప్పేస్తే మనసు తేలికవుతుంది. షాపు నిండా రాగి తీగ ఉండగా కొనడమేంటని, సన్నటి వైండింగ్ తీగ ఒకటి బిగించాను. బిరడాలు తిప్పుతున్నకొద్దీ శ్రుతి పెరగలేదు, తీగ పెరిగింది. చూయింగ్ గమ్ములా సాగి, సాగి, తెగి నా చెవి మీద కొట్టింది. రాగి కరెంటును మోస్తుంది గానీ లాగుడును మోయదు. గిటారు తీగలో లాగుడు భరించేది లోపలి ఉక్కు. మందపు తీగల మీద చుట్టిన కంచో ఇత్తడో బరువు కోసం మాత్రమే. బరువెక్కిన తీగ నెమ్మదిగా ఊగి కింది స్వరం ఇస్తుంది. అంటే అదీ వైండింగే. నా వృత్తే నన్ను చెవి మీద కొట్టిందన్నమాట.

సరే, కొందామని ఫోన్లో చూస్తే మా 2019 పార్లమెంటు ఎన్నికలు గుర్తొచ్చాయి. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు పోటీకి దిగితే, నిజామాబాద్ బరిలో మొత్తం 185 మంది తేలారు. పోలింగ్ బూత్‌లో ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా పన్నెండు బ్యాలెట్ యూనిట్లు. మా అవ్వ తన గుర్తు వెతుక్కుంటూ రెండు మిషన్ల ముందు నడిచి, కాళ్లు గుంజి, మూడో దాని ముందు దొరికిన గుర్తుకే గుద్దింది. తీగల సంగతీ అంతే. కంచు, ఇత్తడి, నికెల్, పూత పూసినవి, పూయనివి, గుండ్రటి చుట్టు, చదును చుట్టు. మళ్లీ ఒక్కోదాంట్లో 10, 11, 12, 13 గేజులు.

గేజు దగ్గరే నా పరువు పోయింది. మా లెక్కలో గేజ్ నంబరు పెరిగితే తీగ సన్నబడుతుంది. ఇరవై కంటే ముప్పై సన్నం. గిటారు వాళ్లకు తిరకాసు: అంగుళంలో వెయ్యో వంతులు లెక్కపెడతారు, నంబరు పెరిగితే లావు. 12 అంటే మొదటి తీగ 0.012 అంగుళం, మా భాషలో దాదాపు ముప్పై గేజ్. ఆ 12 సెట్టు ఆరూ శ్రుతిలో బిగిస్తే మొత్తం లాగుడు డెబ్బై కిలోల పైచిలుకు. నా బరువు అరవై ఎనిమిది. ఆ రాత్రి నుంచి గిటారును గోడకు ఆనించేటప్పుడు కొంచెం మర్యాదగా ఆనిస్తున్నాను.

ఎంత లావు కావాలన్న దానికి ఆర్చ్‌టాప్ పుట్టుకలోనే జవాబుంది. మైకులు, ఆంప్లిఫైయర్లు సరిగా లేని రోజుల్లో డ్యాన్స్ బ్యాండ్లలో డజను బాకాల మధ్య గిటారు వినపడాలి. ఉబ్బు పొట్టను కదిలించాలంటే గట్టిగా లాగిన లావు తీగ కావాలి. కౌంట్ బేసీ బ్యాండ్లో ఫ్రెడ్డీ గ్రీన్ అనే ఆయన 1937లో చేరి, 1987లో చనిపోయేదాకా అదే పని చేశాడు: కరెంటు లేని గిటారు, మెట్లకు బాగా ఎత్తులో తీగలు, పాటకు నాడి కొట్టినట్టు తాళం. సోలో వాయించడం బహు అరుదు. యాభై ఏళ్లు ఒకే చోట, ముందుకు రాకుండా! మా పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల పక్కన ఆయన్ను నిలబెడితే ఏమయ్యేవాడో తెలియదు గానీ, సన్న తీగలు మాత్రం వేసుకుని వచ్చేవాడు కాదు. మనదేశంలో ఇదే ఆర్చ్‌టాప్‌ను ఒళ్లో పడుకోబెట్టి, మీటకుండానే పలికే తరఫ్ తీగలు కూడా చేర్చి, మోహన్ వీణ అని పేరు పెట్టి జైపూర్ విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ తెచ్చుకున్నారు. దానికి ఇరవై తీగలట. ఆరింటికే నాకు నాలుగు నెలలు పట్టింది కాబట్టి, ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు కోళ్లు. మా దగ్గర ఏ వస్తువు ధరైనా అంకాపూర్ నాటుకోడి కూరలో చెప్తేనే ఇంట్లోవాళ్లకు అర్థమవుతుంది. మంచి తీగల సెట్టు ఒకటి ఇంచుమించు ఒక కోడి పార్సిల్. అందుకని కొన్న ప్రతిసారీ ఇంట్లో ఒక ఆదివారం పప్పుతో గడిచింది.

మొదటి కోడి 80/20 బ్రాంజ్, 12 గేజ్. పేరుకు బ్రాంజ్, అంటే కంచు. తీరా చదివితే ఎనభై పాళ్లు రాగి, ఇరవై పాళ్లు జింకు. రాగీ జింకూ కలిస్తే ఇత్తడి కాదా? బిందెలు అమ్మేవాళ్లను అడిగినా చెప్తారు. మోత కూడా ఇత్తడిదే: గల్లుమంది, మెరిసింది, తలనొప్పి తెచ్చింది. అది సంక్రాంతి దాటిన సీజను. మా మామ కల్లంలో ఉడికిన పసుపు ఎండబోస్తున్నాడు. అక్కణ్నుంచే కేకేశాడు: "అల్లుడా, బోళ్లు తోముతున్నరా?"

రెండో కోడి చదును చుట్టు తీగలు. పైన చుట్టింది గుండ్రటి తీగ కాదు, పట్టీ. వేలు జరిపితే కిర్రుమనదు, పట్టులా జారుతుంది. జాజ్ వాళ్లకు ప్రాణమట. నా గిటారు మాత్రం గొంగడి కప్పుకుని మాట్లాడినట్టు మాట్లాడింది. మా మామ ఏమీ అనలేదు. మంచం మీద చూస్తే గుర్రు పెడుతున్నాడు. నికెల్ జోలికి పోలేదు. అవి అయస్కాంతపు పికప్ ఉన్న గిటార్లకు, కంచును ఆ పికప్ పట్టించుకోదు కాబట్టి. నా దానికి పికప్ లేదు. ఉన్నా మా ఏరియాలో కరెంటు ఉండాలి కదా.

మూడో కోడి ఫాస్ఫర్ బ్రాంజ్, 13 గేజ్. రాగిలో ఎనిమిది పాళ్లు తగరం, కాస్త ఫాస్ఫరస్. ఇది నిజమైన కంచు. కంచుకూ కనకానికీ మోతలో పోటీ పెట్టి వేమన ఎప్పుడో తీర్పు చెప్పేశాడు. ఆ తీర్పు చదివి కూడా రెండు కోళ్లు పోగొట్టుకున్నాను. అన్నట్టు, ఏ సెట్టు కొన్నా మొదటి రెండు తీగలు ఉత్త ఉక్కే. చుట్టు ఉండదు. మూడు కోళ్లకూ కాళ్లు ఒకటేనన్నమాట.

13 గేజ్‌కు నా వేళ్లు రెండో రోజే పగిలాయి. ఇంటావిడ తిడుతూనే వేలి కొసలకు పసుపు పట్టించింది. మర్నాటికి తీగలన్నీ పచ్చగా అయ్యాయి. చెమటకే కంచు చచ్చిపోతుందని చదివి, వాయించాక గుడ్డతో తుడవడం అలవాటు చేసుకున్నవాణ్ని. ఇప్పుడు తుడిస్తే గుడ్డ కూడా పచ్చబడింది.

మా మామ వచ్చి, కింది తీగను బొటనవేలితో లాగి, చెవి వంచి విన్నాడు. "పచ్చిగున్నది" అన్నాడు.

"పసుపంటింది మామా, తుడుస్త."

"రంగు గాదు అల్లుడా. సప్పుడు పచ్చిగున్నది. పదొద్దులు ఆగు."

ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. కానీ ఆయన పసుపును చూసే పద్ధతే అది. ఉడికించి ఆరబోసిన కొమ్మును రోజుకొకటి తీసి విరుస్తాడు. తడి ఉంటే వంగుతుంది, మెత్తగా విరుగుతుంది. బాగా ఎండిన కొమ్ము విరిస్తే లోహం మోగినట్టు టంగుమంటుంది. అప్పుడే బస్తాకెత్తాలి. మా ఊరి పేరే పెట్టుకున్న ఆర్మూర్ రకం పసుపు మీద చెవి అరగదీసుకున్న మనిషి. కొత్త తీగ మొదట్లో ఊరికే జల్లుమంటుందనీ, కొన్నాళ్లు వాయిస్తే ఆ అరుపు తగ్గి అసలు గొంతు బయటికొస్తుందనీ గిటారు వాళ్లూ అంటారు. ఆయనకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పదకొండో రోజు పొద్దున కల్లం నుంచి ఒక కొమ్ము తెచ్చాడు. నా చెవి దగ్గర విరిచాడు. టంగ్. అదే చేత్తో గిటారు ఆరో తీగ లాగాడు. రెండూ ఒకే స్వరం కాదు లెండి, నేనేం త్యాగరాజును కాదు గానీ, రెండింట్లోనూ తడి లేదు. "ఇగ ఎండింది" అన్నాడు. గిటారు నా చేతిలో పెట్టి, పీకేసిన పాత తీగల చుట్ట పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ తీగలు ఎక్కడికి పోయాయో నాలుగు రోజుల తర్వాత తెలిసింది. నిజామాబాద్ యార్డుకు పోయిన బస్తాల్లో ఒకదానికి సుతిలి అయిపోతే, మూతిని 80/20 ఇత్తడి తీగతో బిగించి కట్టాడట. ఖరీదుదారు మూట విప్పలేక కటింగ్ ప్లేయరు తెప్పించుకున్నాడట. "గింత గట్టి తీగె యాడ దొరికింది?" అని అడిగితే మా మామ, "మా అల్లుడు సదువుకున్నోడు, తీగెల పని చేస్తడు" అని చెప్పి, ఇంటికొచ్చి అన్నాడు:

"అల్లుడా, ఇంక ముప్పై బస్తాలున్నయి. మల్ల ఎప్పుడు మారుస్తవ్?"