డబ్బా వెనక తేదీ

ప్రత్తిపాడులో మా పెదనాన్న ఇంటి వెనక పాత పత్తికొట్టు ఒకటుంది. ధర పెరుగుతుందని కప్పుదాకా బోరాలు పేర్చుకున్న రోజులు పోయాయి. ఇప్పుడందులో పనికిరాని స్ప్రేయర్లు, చిరిగిన పట్టాలు, వాటి వెనక ఒక ఎంజీ టీసీ కారు ఉంటాయి.

కారు అనడం మర్యాద కోసం. ఇంగ్లండులోని ఆబింగ్‌డన్ ఫ్యాక్టరీలో 1945 నుంచి 1949 దాకా ఇలాంటివి సుమారు పదివేలు తయారయ్యాయి. 1250 సీసీ ఇంజను, రెండు కార్బురేటర్లు, రెండే సీట్లు. ఆ కాలపు కుర్రకారు పందేలకు వాడిన బండి. వర్జీనియా పొగాకు పని మీద గుంటూరు ప్రాంతంలో ఉన్న దొర ఒకాయన సీమకు తిరిగి వెళ్లిపోతూ మా తాతకి అమ్మాడని ఇంట్లో చెప్పుకుంటారు. పైనున్న గుడ్డకప్పు చిరిగిపోయాక ఊరు దానికి ‘బోడికారు’ అని పేరు పెట్టింది.

ఆ కారులో ఒక తమాషా ఉంది. ఇంజను చుట్లు చూపే మీటరు డ్రైవరు ముందు ఉంటుంది, అందులోనే చిన్న గడియారం కూడా. వేగం చూపే మీటరు మాత్రం పక్క సీటు ముందుంటుంది. అంటే తాత ఎంత జోరుగా తోలుతున్నాడో తాతకి తెలిసేది కాదు, నాయనమ్మకి తెలిసేది. ముల్లు నలభై మైళ్లు దాటగానే ఆవిడ తాత తొడ మీద గిల్లేదట. అదే ఆ కారుకి బ్రేకు అని మా పెదనాన్న ఇప్పటికీ నవ్వుతాడు.

తాత పోయాక కారు కొట్టులోకి చేరింది. దాని బాడీకి లోపల యాష్ కర్ర చట్రం ఉంటుంది. ప్రత్తిపాడు చెదలకి సీమ కర్ర, దేశవాళీ కర్ర అనే పట్టింపు లేదు. తలుపులూ నేలా తినేశాయి. ఇనుప ఛాసిస్, ఇంజను, ముందు పలక మీద మీటర్లు మిగిలాయి.

ఈ సంగతి గుంటూరు షావుకారు చెవిన పడింది. ఆయనది ఎరువులు, పురుగుమందులు, విత్తనాల పెద్ద కొట్టు. అమ్మకాలు గుమాస్తాలు చూసుకుంటారు, ఆయన లోపల గదిలో కూర్చుని ఖాతాలు చూసుకుంటాడు. తీరిక దొరికితే పాత కార్లు. పాత కార్ల ర్యాలీ ఎక్కడ జరిగినా తెల్లప్యాంటూ తెల్లటోపీతో హాజరు.

మా పెదనాన్న ఖాతా ఆయన దగ్గరే. జూన్‌లో అరువు తెచ్చుకోవడం, కాయ అమ్మాక కట్టడం, మళ్లీ జూన్. కానీ ఒక ఏడు నాలుగెకరాల మిర్చి పోయింది. రెండు వందల టిక్కీలు రావలసిన చోట ముప్పై కూడా రాలేదు. బొబ్బర తెగులని ఊరంతా అనుకుంది. బాకీ, వడ్డీ కలిపి నోటు మీద నాలుగు లక్షల చిల్లర తేలింది.

మార్చిలో ఒక మధ్యాహ్నం షావుకారే స్వయంగా వచ్చాడు. నేను సెలవు మీద ఊళ్లోనే ఉన్నాను. మా పెద్దమ్మ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు దించకుండానే ఆయన విషయానికి వచ్చాడు.

“పెద్దాయనా, బాకీ గురించి బెంగ పెట్టుకోవద్దు. ఆ బోడికారు చూపించు. మీటర్లు ఒరిజినల్ అయితే కారు తీసుకుని నోటు చించేస్తా. కాదనుకో, పాత ఇనుము రేటు కట్టి బాకీలో తీసేస్తా. నకిలీకి రూపాయి పెట్టను. అది నా నియమం.”

“మంచి నియమం అండీ,” అన్నాడు పెదనాన్న.

కొట్టు తలుపు తీశాం. నన్ను టార్చి పట్టుకోమన్నారు. షావుకారు జేబులోంచి నగల వర్తకుల భూతద్దం తీసి కంటికి ఆనించుకున్నాడు. అంత లావు మనిషి, దుమ్ములో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“మీటర్ల మీదే ఎందుకండీ మీ గురి అంతా?” అన్నాడు పెదనాన్న.

“ఇంజను బాగుచేయించుకోవచ్చు. బాడీ వడ్రంగి చేత కట్టించుకోవచ్చు. మీటరు డబ్బా అట్టా కాదు. ఫెరారీలకి వెలియా వాళ్లు చేశారు, పోర్షేలకి వీడీఓ వాళ్లు, ఇంగ్లీషు కార్లకి స్మిత్స్, జేగర్. ఇప్పుడు వాటికి అచ్చం అట్టాంటివే చేసి, పాతబడ్డట్టు రంగు పులిమి అమ్ముతున్నారు. కన్ను లేనివాడు లక్షలు తగలేసుకుంటాడు.”

“మరి మీరెట్టా పట్టుకుంటారు?”

ఆ ప్రశ్న కోసమే పుట్టినట్టు షావుకారు మొహం వెలిగింది.

“మొదట అంచు చూడాలి. అద్దం చుట్టూ ఉండే ఈ క్రోమియం రింగు ఫ్యాక్టరీలో బిగిస్తారు. తర్వాత ఎవడు తెరిచినా గాటు పడుతుంది. మళ్లీ ఎంత బాగా మూసినా మొదటి గీత పక్కన రెండో గీత తెలుస్తుంది. ఇదిగో చూడు, దీనికి ఒక్కటే.”

“రెండు గీతలుంటే తెరిచి మూసిందన్నమాట.”

“అంతే. రెండోది స్క్రూలు. బ్రిటిష్ మీటర్లకి బీఏ మరల స్క్రూలు వాడేవాళ్లు, తల మీద ఒకే గీత. ప్లస్ గుర్తు తల కనిపించిందా, లోపల చెయ్యి పడ్డట్టే. మూడోది డయలు. మైళ్లా కిలోమీటర్లా? మనకి మెట్రిక్ చట్టం వచ్చిందే 1956లో. మన దేశానికి వచ్చిన 1949 నాటి ఇంగ్లీషు కారుకి కిలోమీటర్ల డయలు ఉందంటే తర్వాత తెచ్చి తగిలించిందే. నాలుగోది అంకెలు. స్మిత్స్ మీటర్లకి డయలు అడుగున సన్నటి నంబర్లుంటాయి. మైలుకి కేబులు ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క అందులో ఉంటుంది. వేరే బండి మీటరు తెచ్చి పెట్టినవాడు అక్కడ దొరికిపోతాడు.”

పెదనాన్న వేళ్లు మడుస్తున్నాడు. “రంగు సంగతేందండీ? మరీ కొత్తగా మెరుస్తుంటే?”

“భలే అడిగావు! మరీ మెరిస్తే అనుమానించాల్సిందే. పాత మీటర్లు కొన్నిటికి అంకెల మీద రేడియం రంగు వేసేవాళ్లు. రేడియం సగం కావడానికి 1600 ఏళ్లు పడుతుంది గానీ, దానితో కలిపిన మెరిసే పొడి కొన్ని దశాబ్దాల్లోనే చచ్చిపోతుంది. అంత పాత డయలు ఇవాళ చీకట్లో ధగధగా వెలిగిందనుకో, ఈ మధ్య ఎవడో కొత్త రంగు వేశాడని అర్థం. అంత మెరుపు మోసగాడి సరుక్కే ఉంటుంది.”

“అన్నిటికన్నా ముఖ్యమైంది ఏదండీ?”

షావుకారు గొంతు తగ్గించాడు. “తేదీ. స్మిత్స్‌దైనా వీడీఓదైనా డబ్బా వెనక చూడాలి. చాలావాటికి నెల, సంవత్సరం ముద్ర కొట్టి ఉంటుంది. కారు పుట్టాక మీటరు పుట్టకూడదు. దొంగలు ఏం చేస్తారంటే, పాత అంకెలు తుడిచి కావలసిన తేదీ మళ్లీ కొడతారు. మామూలు కంటికి తెలీదు. ఈ అద్దం పెడితే కింద పాత అంకె నీడలాగా కనపడుతుంది. ముద్ర మీద ముద్ర పడిందంటే ఇంకేమీ చూడక్కర్లేదు, విసిరి కొట్టడమే.”

తర్వాత వేగం మీటరు వెనక కేబులు ఊడదీసి, దానికో సన్నటి కడ్డీ తగిలించి వేళ్లతో గిర్రున తిప్పాడు. ముల్లు మెల్లగా జారలేదు. టక్కున గెంతి ఆగింది, మళ్లీ గెంతింది.

“క్రోనోమెట్రిక్! లోపల గడియారం లాంటి యంత్రం క్షణానికోసారి చుట్లు లెక్కపెట్టి ముల్లుని కదుపుతుంది. నకిలీ చేసేవాడు పైన జేగర్ అని పేరు అచ్చు వేసుకోగలడు గానీ, ఈ గెంతు ఎక్కణ్నుంచి తెస్తాడు? పేరు చూసి కొనేవాడు మోసపోతాడు, లోపలున్నది చూసి కొనేవాడు బాగుపడతాడు.”

“మాలాంటోళ్లకి లోపలున్నది ఎట్టా తెలుస్తుందండీ? పైన పేరు చూసేగా కొంటాం.”

“అందుకే కాగితాలు దాచుకోవాలి,” అని షావుకారు లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. “ఓల్డ్ నంబర్ వన్ అని ఒక బెంట్లీ ఉంది. 1929లోనూ 1930లోనూ లె మాన్ పందెం గెలిచింది. కోటి పౌండ్లకి బేరం కుదిరాక, గెలిచిన నాటి ముక్కలు ఇందులో పెద్దగా లేవని కొన్నవాళ్లు అడ్డం తిరిగారు. 1990లో లండన్ కోర్టు ఏమంది? ముక్కలు మారినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదు, కాబట్టి ఇది అసలుదే అంది. కొన్నవాళ్లు నోరు మూసుకోవాల్సి వచ్చింది. సరుకు సంగతి అట్టా ఉంచు పెద్దాయనా, చేతిలో కాగితం ఉన్నవాడే కోర్టులో నిలబడతాడు.”

“కాగితం ఉంటే నిలబడొచ్చంటారు.”

“నూటికి నూరుపాళ్లు. ఇక నీ కారు సంగతి. డబ్బాలు, రింగులు, స్క్రూలు, డయళ్లు అన్నీ ఒరిజినల్. నోటు రేపే చించేస్తా. బండి పంపిస్తా, ఎక్కించు.”

పెదనాన్న తొందరపడలేదు. మొలలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన వెండిరంగు రేకుముక్క ఒకటి బయటికి వచ్చింది. పైకి ఒక అంచూ, దాని పక్కన చిన్న ముద్ర మాత్రమే కనపడుతున్నాయి.

“మీ కన్ను గొప్పదండీ. ఇదొక్కటీ చూసి పెట్టండి. ఒరిజినలో కాదో మాకు తేలడం లేదు.”

ఏదో స్పేరు పార్టు కవరనుకున్నాడు షావుకారు. మంచి ఊపులో ఉన్నాడేమో, అద్దం పెట్టి వంగాడు. నేను టార్చి దగ్గరికి పట్టాను.

అర నిమిషం కూడా పట్టలేదు.

“అంచు చూడు, అతుకు గీతలు రెండు. తెరిచి మళ్లీ వేడిపెట్టి అంటించారు. ఇక తేదీ. ఓరి వీడి దుంపతెగా! కింద పాత అంకెలు ఇంకా కనపడుతూనే ఉన్నాయి. థిన్నరుతో తుడిచి ఆ పైన కొత్తది కొట్టాడు. అంకెల అచ్చు కూడా ఒకదానికొకటి కలవలేదు.” నిటారుగా నిలబడి తీర్పు చెప్పాడు. “పక్కా నకిలీ. ఇందులో అనుమానానికి చోటే లేదు. ఏ స్పేరుది ఇది? ఏ దొంగవెధవ అంటగట్టాడు నీకు?”

పెదనాన్న ఆ రేకుముక్క మడతలు ఒక్కొక్కటే విప్పాడు. విప్పుతుంటే మొదట కాడ, తర్వాత నిగనిగలాడే ఎర్రటి మిరపకాయ బొమ్మ బయటపడ్డాయి. పది గ్రాముల విత్తనాల ప్యాకెట్టు.

“నాలుగెకరాలకీ ఇయ్యే పోశానండీ నారు. విత్తనాలు మాత్రం ఎంత ఎర్రగా మెరిశాయో! చేత్తో పట్టుకుంటే రంగు అంటుకుంది. మంచి మందు పట్టించారు గామోసు అనుకున్నా. చెట్టు ఏపుగా పెరిగింది, ఒక్కో చెట్టు ఒక్కో రకం కాయ కాసింది, అదీ గుప్పెడు. అందరూ బొబ్బర అన్నారు. చేలోకి వచ్చి చూసిన వ్యవసాయాధికారి కాదన్నాడు. పరీక్ష చేసిన రోజు నుంచి తొమ్మిది నెలలేనటగా విత్తనానికి గడువు? అది దాటిన ప్యాకెట్లు తెరిచి, ఏవేవో విత్తనాలు నింపి, తేదీ మార్చి అమ్మారేమోనని ఆయనకి అనుమానం. అనుమానమేగానీ ఖాయంగా చెప్పలేకపోయాడు. మీకున్నట్టు ఆయనకి అద్దం లేదు.”

షావుకారు అద్దాన్ని జేబులో పెట్టుకోబోయాడు, అది జేబుకి అందలేదు, రెండోసారి పెట్టుకున్నాడు. మజ్జిగ తాగిన మూతి మళ్లీ తుడుచుకున్నాడు.

“చూడు పెద్దాయనా... మేం తయారుచేస్తామా ఏంటి? పైనుంచి ఏది వస్తే అది అమ్ముతాం. కాలం అట్టా ఉంది. ఏం కొన్నా నకిలీయే. ఈ రోజుల్లో ఒరిజినల్ అనేది ఎక్కడ దొరుకుతుంది చెప్పు?”

“అట్టా అనకండి. ఒకటి దొరికింది,” అంటూ పెదనాన్న అదే ప్లాస్టిక్ కవరులోంచి పసుపురంగు కాగితం ఒకటి తీసి, నా చేతిలో టార్చి దాని మీదికి తిప్పాడు. “విత్తనం పేరు, లాటు నంబరు, తేదీ, మీ గుమాస్తా సంతకం, మీ కొట్టు ముద్ర. దిద్దుళ్లు లేవు. ముద్ర ఒక్కటే పడింది. అద్దం పెట్టి చూసుకోండి షావుకారు గారూ, మీ కొట్టులో నేను కొన్నవాటిలో పక్కా ఒరిజినల్ ఈ బిల్లు ఒక్కటే.”