జీవోతో మారిన జట్టు

అమెరికా విశ్వవిద్యాలయాలు పరస్పరం క్రీడా పోటీలు జరుపుకోవడానికి ఏర్పరచుకున్న కూటములను కాన్ఫరెన్సులంటారు. ఇరుగుపొరుగు రాష్ట్రాల విద్యాసంస్థలు తక్కువ ఖర్చుతో ప్రయాణించి, ఏటా అవే జట్లతో తలపడి, గెలుపోటముల తగాదాను తాతల నుంచి మనవళ్లకు అప్పగించుకుంటూ పోవాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న తొలి ఉద్దేశం. ఒక కూటమిని విడిచి మరొక కూటమిలో చేరడాన్ని అక్కడ రీఅలైన్‌మెంట్ అని గౌరవంగా పిలుస్తారు. శాసనసభ్యులు చేస్తే ఫిరాయింపుల నిరోధక చట్టం వర్తించే ఈ పని విశ్వవిద్యాలయాల అధ్యక్షులు చేసినప్పుడు దీర్ఘకాలిక ప్రణాళిక కిందికి వస్తుంది.

ఈ ప్రణాళికల ఫలితంగా ఆ దేశపు అంకగణితం కొంత ఇబ్బందిలో పడింది. 1896లో 7 విశ్వవిద్యాలయాలతో మొదలైన బిగ్ టెన్ కూటమిలో ఇప్పుడు 18 సభ్యసంస్థలుండగా, బిగ్ 12 అనే మరో కూటమిలో 16 ఉన్నాయి. 1915లో పసిఫిక్ తీరపు కూటమిగా పుట్టి, చివరకు ప్యాక్-12 అన్న పేరుతో స్థిరపడిన దానిలో 2024 నాటికి రెండే మిగిలాయి. నోబెల్ బహుమతి గ్రహీతలకు నిలయమైన స్టాన్‌ఫర్డ్, బర్కిలీ విశ్వవిద్యాలయాలు పసిఫిక్ ఒడ్డున కూర్చుని, ఖండానికి అవతలి వైపున్న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో సభ్యత్వం పుచ్చుకున్నాయి. రెండు మహాసముద్రాల మధ్య తేడా తెలియకుండా ఆ సంస్థలు ఇన్నేళ్లు భూగోళశాస్త్రం బోధించి ఉంటాయని అనుకోవడానికి లేదు కనుక, కారణాన్ని మరోచోట వెతకాలి.

ఆ కారణం 1984 నాటిది. అంతకుముందు కళాశాలల ఫుట్‌బాల్ మ్యాచ్‌లలో, అంటే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే అమెరికా తరహా ఆటలో, ఏవి టెలివిజన్‌లో రావాలో, ఏ కళాశాల ఎన్నిసార్లు తెరపై కనబడాలో ఎన్‌సీఏఏ అనే జాతీయ కళాశాల క్రీడా సంఘం నిర్ణయించేది. ఓక్లహోమా విశ్వవిద్యాలయం తదితరులు వేసిన వ్యాజ్యంలో అమెరికా సుప్రీంకోర్టు 7-2 ఆధిక్యంతో ఆ పెత్తనాన్ని కొట్టివేసి, ప్రసార హక్కులను ఎవరికి వారు అమ్ముకోవచ్చని తీర్పునిచ్చింది. ఆ ధర్మాసనంలో ఒకప్పుడు వృత్తి ఫుట్‌బాల్ ఆడిన బైరన్ వైట్ అనే న్యాయమూర్తి మాత్రం తీర్పుతో విభేదించారు. ఆట తెలిసినవారి మాట ఆటకు సంబంధించిన నిర్ణయాల్లో చెల్లకపోవడమన్నది ఒక్క మన దేశానికే పరిమితమైన సంప్రదాయం కాదని దీనివల్ల కొంత ఊరట కలుగుతుంది.

హక్కులు అమ్ముకోవచ్చని తేలిన తర్వాత జరిగినదంతా ఆంధ్రప్రదేశ్‌లోని కనిగిరి ప్రాంత రైతుకు విడమర్చి చెప్పనక్కరలేదు. కనిగిరిలోని పొగాకు వేలం కేంద్రంలో బేళ్లు వరుసగా పేర్చి ఉండగా, కంపెనీల కొనుగోలుదారులు నడుచుకుంటూ వచ్చి ఆకు రంగును బట్టి కిలోకింతని ధర పలుకుతూ, మేలు రకాన్ని ముందు ఎగరేసుకుపోయి, పెదవి విరిచిన బేళ్లను రైతు వెనక్కి ఇంటికి మోసుకుపోయేలా చేస్తారు. 2022 జూన్ 30న లాస్ ఏంజిలస్ నగరానికి చెందిన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ అనే రెండు మేలు బేళ్లు ప్యాక్-12 నుంచి బిగ్ టెన్‌కు వెళ్లిపోతున్నట్లు ప్రకటించాయి. ఆ పెద్ద నగరపు ప్రేక్షకులను చూపించి బిగ్ టెన్ వారు ఆగస్టులో ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం రాయించుకున్నారు. రూపాయల్లో అది దాదాపు అరవై వేల కోట్లు. మరుసటి వేసవిలో కొలరాడో, ఒరెగాన్, వాషింగ్టన్, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా ఒకదాని వెనుక ఒకటి కదిలిపోగా, మారుమూల ఊళ్లలో ఉన్నందున టెలివిజన్ వారికి రుచించని ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయాలు నూరేళ్లు దాటిన కూటమి బోర్డు కింద రెండే రెండుగా నిలబడ్డాయి. ఆ రెండూ ఇతర కూటముల నుంచి సభ్యులను తెచ్చుకుని 2026 నుంచి ప్యాక్-12ను తిరిగి కట్టుకోవాలని నిశ్చయించుకున్నాయి. తమను విడిచిపోయినవారు ఏ పని చేశారో అదే పనిని అవి బోయిసీ స్టేట్ మొదలైనవాటి చేత చేయించాయన్నమాట.

ఇందులో అమ్ముడుపోవడానికి ఎదురు డబ్బిచ్చుకున్నవారూ ఉన్నారు. డాలస్ నగరంలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయం అట్లాంటిక్ కూటమిలో చోటు కోసం తొమ్మిదేళ్లపాటు ఆ కూటమి టెలివిజన్ ఆదాయంలో వాటా వద్దని రాసిచ్చింది. సంపన్నులైన పూర్వ విద్యార్థులు ఆ లోటు పూడ్చగలరన్నది వారి ధీమా. స్టాన్‌ఫర్డ్, బర్కిలీలు మొదటి ఏడేళ్లు 30 శాతం వాటాతో సరిపెట్టుకున్నాయి. అంతకన్నా చిత్రమేమిటంటే, యూసీఎల్‌ఏ, బర్కిలీలు రెండూ కాలిఫోర్నియా ప్రభుత్వ విశ్వవిద్యాలయ వ్యవస్థకు చెందినవే కావడంతో, వెళ్లిపోయి లాభపడిన తమ్ముడు వెనుక మిగిలి నష్టపడిన అన్నకు ఏటా కోటి డాలర్లు చొప్పున చెల్లించాలని పాలకమండలి తీర్మానించింది. ఉమ్మడి ఆస్తి పంపకాల్లో ఆరితేరిన మన పెద్దమనుషులు కూడా ఇంత లెక్కగా తీర్పు చెప్పేవారో లేదో.

ఈ కోట్ల మధ్య ఆటగాడి పరిస్థితిని గురించి పరిశీలించవలసి ఉంది. అతను విద్యార్థి అనీ, విద్యార్థికి డబ్బు ముడితే చదువు చెడుతుందనీ చెప్పి, శిక్షకుడికి లక్షల డాలర్ల జీతమిస్తూనే ఆటగాడికి ఉపకార వేతనంతో సరిపెట్టిన సంప్రదాయం 2021 దాకా కొనసాగింది. ఆ ఏడాది జూలైలో తమ పేరును, బొమ్మను ప్రకటనలకు అమ్ముకునే వెసులుబాటు ఆటగాళ్లకు దక్కింది. 2025 జూన్‌లో క్లాడియా విల్కెన్ అనే న్యాయమూర్తి ఆమోదించిన రాజీ ప్రకారం పాత బకాయిల కింద 280 కోట్ల డాలర్లు చెల్లించడంతోపాటు, ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లకు తొలి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. చదువు ఏమైందన్న ప్రశ్న ఆ తర్వాత ఎవరూ వేయడం లేదు. ఫుట్‌బాల్ కోసం కుదిరిన ఈ పెళ్లిళ్లలో వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే అమ్మాయిలు కూడా మూడు గంటల కాలభేదాన్ని దాటుకుని లాస్ ఏంజిలస్ నుంచి న్యూజెర్సీలోని రట్‌గర్స్ దాకా విమానాల్లో తిరుగుతూ, దారిలో పరీక్షలకు చదువుకోవాలి. వారి ఆటకు అన్ని డాలర్లు రావు. ప్రయాణం మాత్రం సమానం.

ఇక కనిగిరి విషయానికి వస్తే, ఫిరాయింపుల సంఖ్యలో ఈ పట్టణం ఏ అమెరికా విశ్వవిద్యాలయానికీ తీసిపోదు. నెల్లూరు జిల్లాలో ఉండగా 1970 ఫిబ్రవరి 2న కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లా పేరు ప్రకాశం అయింది. 2022లో కనిగిరి రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. 2025 డిసెంబరు 31న మార్కాపురం జిల్లాలో భాగమైంది. కళాశాలల సంగతీ ఇంతే. నెల్లూరు జిల్లా కళాశాలలకు తిరుపతి దిక్కు కాగా, 1976లో గుంటూరు, విజయవాడల మధ్య నాగార్జున విశ్వవిద్యాలయం వెలసినప్పుడు ప్రకాశం జిల్లా డిగ్రీ కళాశాలలు దాని గొడుగు కిందికి వచ్చాయి. 2022లో ఒంగోలులో టంగుటూరి ప్రకాశం పంతులు బిరుదు మీద ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయం ఏర్పడడంతో అవే కళాశాలలు అవే గోడలతో, అవే బెంచీలతో నాగార్జున జట్టు నుంచి ఆంధ్ర కేసరి జట్టుకు మారిపోయాయి. జిల్లా ఇంజినీరింగ్ కళాశాలలు మాత్రం దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలోని కాకినాడ జేఎన్‌టీయూకు అనుబంధంగా ఉన్నందున, దూరం విషయంలో లాస్ ఏంజిలస్ వారి బాధ అర్థం చేసుకోగల యోగ్యత ఇక్కడ వారికే ఉంది.

ఈ మార్పిడికి ఫాక్స్ వారు రాలేదు, వేలం జరగలేదు, కళాశాలను అడిగిందీ లేదు. జీవో వచ్చింది. జీవో అంటే సచివాలయంలో సంతకమై, సంబంధితులందరికీ ప్రతులు పంపబడే ప్రభుత్వ ఉత్తర్వు. దానితో జిల్లాలు మారతాయి, విశ్వవిద్యాలయాలు మారతాయి, ఒక కబడ్డీ ఆటగాడు మొదటి ఏడాది ఒక బనియన్ మీద ఒక పేరుతో, చివరి ఏడాది మరో పేరుతో బరిలోకి దిగుతాడు. అమెరికాలో విశ్వవిద్యాలయాలు కలిసిపోయి కూటములు ఉబ్బుతుండగా, ఇక్కడ ఒక విశ్వవిద్యాలయం రెండై, రెండు మూడై పరిధులు చిక్కిపోతున్నాయి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లా, 2022లో ప్రకాశం జిల్లా తొలగిపోగా, నాగార్జునకు మిగిలింది పాత గుంటూరు జిల్లానే.

న్యాయంగా చెప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ భాగహారంలో ఆటగాడికి నిజమైన లాభం ఉంది. భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే 1925లో అంతర్ విశ్వవిద్యాలయ మండలిగా మొదలైన సంస్థ, దేశాన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు, పశ్చిమ మండలాలుగా పంచుకుని పోటీలు నిర్వహిస్తుంది. ప్రతి విశ్వవిద్యాలయం ముందుగా తన కళాశాలల మధ్య పోటీలు పెట్టి, ఒక్కో ఆటకు ఒక్కో జట్టును ఎంపిక చేసి దక్షిణ మండలానికి పంపుతుంది. మూడు జిల్లాల కళాశాలలన్నిటికీ ఒకే జట్టు ఉన్న రోజుల్లో చోటు దొరకని కనిగిరి, దర్శి, పొదిలి కుర్రవాడికి పాత ప్రకాశం జిల్లా ఒక్కదానికే ఒక జట్టు వచ్చాక చోటు దొరికే అవకాశం పెరిగింది. ఎంపిక పోటీల కోసం గుంటూరు దాటి వెళ్లే బదులు ఎనభై కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు ఆర్టీసీ బస్సులో పోయి రావచ్చు. విశ్వవిద్యాలయం తరఫున ఆడితే ఫారం-3 అనే ధ్రువపత్రం దక్కుతుంది; ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో దానికి విలువ ఉంటుంది. అమెరికా కుర్రవాడు సంతకానికి డాలర్లు తీసుకుంటే, ఇక్కడి కుర్రవాడు సంతకం కోసం వ్యాయామ విద్యా విభాగం గుమ్మం దగ్గర నిలబడతాడు.

అలాగని తెలుగు నేల మీద చదువుల చుట్టూ వేలం పాటలు లేవని ఎవరూ భ్రమపడనక్కరలేదు. పదో తరగతిలో మంచి మార్కులు వచ్చిన పిల్లవాడి ఇంటికి ఫలితాలు వచ్చిన వారంలోపే కార్పొరేట్ జూనియర్ కళాశాలల ప్రజాసంబంధాల సిబ్బంది వచ్చి, ఉచిత సీటు, ఉచిత హాస్టలు అంటూ ధర పెంచుకుంటూ పోవడం అందరూ చూసినదే. ఒకే ర్యాంకరు ఫొటో రెండు మూడు సంస్థల పూర్తి పేజీ ప్రకటనల్లో నవ్వుతూ కనబడడం, ఒక దశలో రెండు పెద్ద సంస్థలు ర్యాంకుల కోసం జట్టుకట్టి మళ్లీ విడిపోవడం వంటివి చూస్తే కూటముల విద్యలో మనవారు ఎవరికీ తీసిపోరని తేలుతుంది. కాకపోతే అక్కడ ప్రసార హక్కులు పలికేది ఆటకు, ఇక్కడ పలికేది ర్యాంకుకు. ఆ కళాశాలల్లో అనేకం అపార్ట్‌మెంట్లలో నడుస్తాయి కనుక మైదానం అన్న సమస్యే తలెత్తదు. ఈమధ్య ఉత్తరాది, కర్ణాటక ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఈ మర్మం కనిపెట్టి, పతకాలు తేగల క్రీడాకారులకు ఫీజు మాఫీ చేసి చేర్చుకుంటున్నాయి; 2020లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడల విజేతల జాబితాలో బెంగళూరు జైన్, మొహాలీ దగ్గరి చండీగఢ్ విశ్వవిద్యాలయాల పేర్లు కనబడడం అందువల్లనే. ఆ వేలం ఒంగోలు దాకా వచ్చిన రోజున ఆంధ్ర కేసరి దగ్గర ఎగరేసుకుపోవడానికి ఆటగాళ్లుంటారు, నిలబెట్టుకోవడానికి నిధులుండవు.

అమెరికా ఆటల ఖర్చు మనది కాదనుకోవడం కూడా పొరపాటే. అక్కడి అనేక విశ్వవిద్యాలయాలు క్రీడా విభాగపు లోటు పూడ్చుకోవడానికి ప్రతి విద్యార్థి దగ్గర తప్పనిసరి ఆటల రుసుము వసూలు చేస్తాయి. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణంతో ఎమ్మెస్ చదవబోయిన ప్రకాశం జిల్లా కుర్రవాడు అటువంటి చోట చేరితే, తాను ఒక్కసారైనా చూడని, నియమాలు తెలియని ఆటకు చందాదారుడవుతాడు. కూటమి మారినందుకు కట్టే జరిమానాలో కంది, పొగాకు పండించిన చేతుల వాటా కూడా కొంత ఉండవచ్చునన్న సంగతి ఫాక్స్ వారి వ్యాఖ్యాతలు ప్రస్తావించరు.

కనిగిరిలో చదివే విద్యార్థి కట్టే ఫీజులోనూ ఆటల రుసుము పేరిట కొంత ఉంటుంది. అది ఏ ఆటకు, ఏ మైదానానికి, ఎవరి ప్రయాణ భత్యానికి ఖర్చయిందో తెలుసుకోదలచినవారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. విశ్వవిద్యాలయ పౌర సమాచార అధికారికి పెట్టుకునే దరఖాస్తుకు రుసుము పది రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, జవాబుకు గడువు ముప్పై రోజులు.