సరి డిస్కు, బేసి డిస్కు

బీటీఆర్ఎఫ్ఎస్‌కి ఎట్టకేలకు వంతులు తెలిశాయి. 2025లో లినక్స్ కెర్నెల్‌లోకి రౌండ్ రాబిన్ వచ్చిందని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే హడావుడి. రెయిడ్ వన్ కట్టిన, అంటే ఒకే డేటా దాచిన, రెండు డిస్కుల్లో ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని అడుగుతుందట. మా వీధి కుళాయి దగ్గర బిందెలకు ఎప్పుడో వచ్చిన విద్య ఇది. 2009లో మెయిన్ కెర్నెల్‌లో చేరిన ఫైల్ సిస్టమ్‌కి 16 ఏళ్ళు పట్టింది. అదీ ‘ప్రయోగాత్మకం’ అని చీటీ అంటించి మరీ ఇచ్చారు. పనిగట్టుకుని తెరిపించుకోనివాడికి పాత పద్ధతే గతి.

ఆ పాత పద్ధతి తెలియనివాళ్ళెవరూ ఈ కాలమ్ చదవరనుకోండి. అయినా ఒకసారి తలుచుకోకపోతే నాకు నిద్ర పట్టదు. ఫైలు అడిగిన ప్రాసెస్ నంబరు సరి అయితే ఒక డిస్కు, బేసి అయితే రెండో డిస్కు. అంతే. ఏ డిస్కు ఖాళీగా ఉంది? అనవసరం. ఏది ఎస్ఎస్‌డీ, ఏది కీచుమనే ముసలి హార్డ్ డిస్కు? అనవసరం. నీ నంబరెంత నాయనా? పేరులో ఇంకో ‘ఏ’ తగిలించుకుంటే సినిమా ఆడుతుందని చెప్పే సంఖ్యాశాస్త్రవేత్తలు కూడా పుట్టిన తేదీ అడుగుతారు. ఇక్కడ ఆ పాటి విచారణ కూడా లేదు.

2016 జనవరిలో ఢిల్లీలో కార్లకు సరి-బేసి పెట్టారు. అక్కడ ఇవాళ ఆగిన బండి రేపు రోడ్డెక్కింది. ఇక్కడ ప్రాసెస్‌కి పుట్టినప్పుడు పడిన నంబరు చచ్చేదాకా మారదు. రాత్రి పదింటికి మొదలైన బ్యాకప్‌కి సరి నంబరు పడిందంటే తెల్లారేదాకా ఒక డిస్కే అరుగుతుంది, రెండోది గోళ్ళు గిల్లుకుంటుంది.

ఇంకా వినండి. స్క్రిప్టు ఒకటి ప్రతి పనికీ రెండేసి ప్రాసెస్‌లను పుట్టిస్తుంది. మొదటిది పేరుకే, చదివేది రెండోది. మధ్యలో వేరే ప్రాసెస్ ఏదీ పుట్టకపోతే నంబర్లు జంటలుగా నడుస్తాయి. 4101 పేరుకి, 4102 చదువుకి. 4103 పేరుకి, 4104 చదువుకి. నాలుగు కాపీలు ఒకేసారి నడిపినా నాలుగూ సరే, నాలుగూ ఒకే డిస్కు మీదే! దీన్ని లోడ్ బ్యాలెన్సింగ్ అన్నారు. రెండు కౌంటర్లు తెరిచి, క్యూ అంతా ఒకదాని ముందే నిలబెట్టి, రెండో కౌంటర్ గుమాస్తా చేత పేపరు చదివించడాన్ని మన ఆఫీసుల్లో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

సరే, బీటీఆర్ఎఫ్ఎస్ వాళ్ళు కనీసం వేగం రెట్టింపవుతుందని చెప్పి నా దగ్గర డబ్బు తీసుకోలేదు. తీసుకున్నవాడు వేరే ఉన్నాడు.

మా ఊరి కొట్లో రెండు హార్డ్ డిస్కుల పెట్టె కొన్నాను. లోపల లినక్స్ రెయిడ్ సాఫ్ట్‌వేర్ ఎండీ, కట్టింది రెయిడ్ వన్. “రెండు డిస్కులు కదండీ, రీడింగ్ డబుల్” అన్నాడు. ఇంటికి తెచ్చి 60 జీబీ వీడియో ఫైలు కాపీ పెట్టాను. ఒక లైటు మిణుకు మిణుకుమంటోంది. రెండోది చీకటి. ఐఓస్టాట్ కొట్టి చూస్తే ఒక డిస్కు నూటికి నూరు, రెండోది సున్నా. పిలిస్తే వచ్చాడు. చిన్న ఫైలొకటి రెండుసార్లు చదివించి, రెండోసారి రివ్వున వచ్చింది చూడమన్నాడు. అది ర్యామ్‌లోంచి వచ్చిందయ్యా! డిస్కు తీసి జేబులో పెట్టుకున్నా వస్తుంది!

ఇందులో ఎండీ తప్పేం లేదు. వరసగా చదివే ఫైలుని మొదలుపెట్టిన డిస్కు మీదే ఉంచుతుంది. చెదురుమదురు రీడ్‌లయితే హెడ్ ఎవరిది దగ్గరో వాళ్ళకిస్తుంది. ఎస్ఎస్‌డీ ఉంటే చేతిలో పని తక్కువున్నవాడికిస్తుంది. హార్డ్ డిస్కుల్లో వరస ఫైలుని రెండింటికీ పంచదెందుకు? 7200 ఆర్‌పీఎం పళ్ళెం ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు. మీరు ముక్క వదిలి ముక్క చదివినా, వదిలేసిన ముక్క కూడా హెడ్ కింద నుంచి పోవాల్సిందే. ప్యాసింజర్ బండిలో కూర్చుని స్టేషన్ విడిచి స్టేషన్‌కి కళ్ళు మూసుకుంటే ఊరు సగం టైములో రాదు. చిన్న చిన్న ముక్కలుగా వంతులేస్తే రౌండ్ రాబిన్‌ది కూడా హార్డ్ డిస్కు మీద ఇదే బండి, ఇదే పట్టా. అటు నలుగురు నాలుగు ఫైళ్ళు అడిగితే రెండో డిస్కు నిజంగానే అక్కరకొస్తుంది. ఒక్కడు ఒక్క ఫైలు చదివితే రాదు. నేను ఒక్కణ్ణే.

ఒక్కడికీ వేగం కావాలంటే ఎండీలోనే రెయిడ్ టెన్ ‘ఫార్’ అమరిక ఉంది, రెండు డిస్కులతోనూ నడుస్తుంది, రాయడం కాస్త నెమ్మదిస్తుంది. ఆ మాట కొట్లో ఒక్కడూ ఎత్తడు. రెయిడ్ ఉంటే బ్యాకప్ అక్కర్లేదని మాత్రం అడక్కుండానే చెప్తారు.

రెండో డిస్కుకి నేను కట్టింది ఇన్సూరెన్స్ ప్రీమియం. ఒకటి పోతే రెండోది నిలబడటానికి. ఆ మాట చెప్పి అమ్మినా కొనేవాణ్ణే! అబద్ధం దేనికి?

బిల్లు మీద ‘రీడింగ్ డబుల్’ అని రాసి సంతకం పెట్టమన్నాను. జీఎస్టీ నంబరు రాశాడు, తేదీ వేశాడు, స్టాంపు కూడా కొట్టాడు. ఆ రెండు మాటలూ రాయలేదు. మీరూ అడిగి చూడండి.