ఏంకాలేదు గారు

కారు డివైడరెక్కి ఆగగానే బయటికి దిగి, నుదుటి నెత్తురు జేబురుమాలుతో అద్దుకుంటూ, బంపర్ వంక చూసి "అయ్యయ్యో" అనే మనిషి మనకు కొత్త కాదు. ఎవరేమడిగినా "నాకేం కాలేదు" అంటారు గనక ఆయన్ని ఏంకాలేదు గారనుకుందాం. మన రోడ్ల మీద 2005 నుంచీ తిరుగుతున్న 108 వచ్చి ఆగినా, "ఇంకెవరికైనా పనికొస్తుంది, వెళ్ళండి బాబూ" అని పంపేస్తారు. చుట్టూ చేరినవాళ్ళు దీన్ని గుండెధైర్యమనుకుంటారు గానీ, ఇది ఉత్త జమాఖర్చు. అందుకు సాక్ష్యం ఆయన కారే. సాయంత్రానికల్లా అది షోరూముకి చేరుతుంది. ఇన్సూరెన్సు సర్వేయరు నాలుగువైపులా ఫొటోలు తీస్తే చాలదు, లోపల ఛాసిస్ వంగిందేమో చూడాల్సిందేనని ఈయన పట్టుబడతారు. పైకేం కనపడటం లేదంటే, "లోపలి దెబ్బ పైకి కనపడదండీ!" అని పాఠం చెబుతారు. ఆ పాఠం సొంత మెడకి వర్తించదు. దానికి అమృతాంజనం చాలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో ఆ మందు తెచ్చింది కారు దెబ్బలకి కాదు పాపం.

మెడ బెణికిన సంగతి చాలామందికి మర్నాడు గానీ తెలియదు. పుర్రె లోపల నెత్తురు చేరుతున్న మనిషి కూడా కొన్ని గంటలు చక్కగా మాట్లాడొచ్చు, కాఫీలో పంచదార తగ్గిందని విసుక్కోనూవచ్చు; డాక్టర్లకి భయమంతా ఆ మధ్య వ్యవధి గురించే. సీటుబెల్టు నొక్కి పొట్ట మీద పడిన కమిలిన చార లోపల పేగుకో ప్లీహానికో దెబ్బ తగిలిందనడానికి గుర్తు కావచ్చు. ఏంకాలేదు గారు ఆ చార మీదికి బనీను లాక్కుని భోజనానికి కూర్చుంటారు.

ఆయన దగ్గర వాదనలకి కొదవలేదు. ఆసుపత్రికెళితే పోలీసు కేసట. ముందు ప్రాణం, తర్వాతే కాగితాలని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. ఖర్చంటారా, 2025 మే నుంచి కేంద్ర పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో, ప్రమాదమైన ఏడు రోజుల దాకా లక్షన్నర వరకూ నగదు లేని వైద్యం ఉంది. స్కాన్ల పేరుతో దోచేస్తారన్న మాట మాత్రం కొట్టిపారెయ్యలేం. తల నుంచి పాదం దాకా పరీక్షలు రాసే చోట్లు లేకపోలేదు. అయితే దానికి విరుగుడు ఇంకో డాక్టరు, లేదా పెద్దాసుపత్రి. బామ్ సీసా కాదు. చివరి అస్త్రం పుత్తూరు కట్టు. విరిగిన చేతికి పసరు కట్టించుకుని బాగుపడ్డామనేవాళ్ళు బోలెడుమంది, వాళ్ళతో పేచీ లేదు. తలలోపలి నెత్తురుకి కట్టు ఎక్కడ కడతారో పుత్తూరు వాళ్ళనే అడగాలి.

ఇన్నిటికీ లొంగని ఏంకాలేదు గారు వకీలు ఒక్క మాటకి లొంగుతారు: గాయాలకి నష్టపరిహారం కావాలంటే ఆసుపత్రి కాగితాలుండాలి. మర్నాడే మెడకి పట్టీ వేసుకుని ఓపీ వరసలో నిలబడతారు. చీటీ రాసే కుర్రాడు ఎక్కడ నొప్పని అడగడమే ఆలస్యం, వెనకున్న నలుగురికీ వినపడేలా తల దగ్గర మొదలుపెడతారు.