ఫీల్డ్ మినహా ట్రాక్ అండ్ ఫీల్డ్

అమెరికా కాలేజీల్లో ట్రాక్ అండ్ ఫీల్డ్ అంటే పరిగెత్తడం, దూకడం, విసరడం కలిసిన క్రీడ. పురుషుల జాతీయ ఔట్‌డోర్ పోటీల్లో 21 అంశాలుంటాయి. రిలేలతో కలిపి పరుగులు 12, జంపులు 4, త్రోలు 4, మూడు రకాలూ ఒక్కడే చేసే డెకాథ్లాన్ 1. పుల్మన్ పట్టణంలోని వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ 2025 జూన్‌లో ఈ నిర్వచనాన్ని సవరించింది. ఇకపై దూరపు పరుగుల మీదే దృష్టి పెడతామనీ, జంపులూ త్రోలూ ఉండవనీ, స్ప్రింట్లూ హర్డిల్సూ పరిమితంగానే ఉంటాయనీ ప్రకటించింది. క్రీడను రద్దు చేయలేదు. పేరూ మార్చలేదు.

కొత్త పద్ధతిలో కొలమానం మీటరు కాదు, సెకను కాదు, తల. ఒక్కో తల ఎన్నిసార్లు లెక్కకొస్తుందన్నదే అక్కడ ప్రతిభ. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం, పై శ్రేణి అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే యూనివర్సిటీ కనీసం 16 క్రీడలు నడపాలి. శీతాకాలానికి ముందు జరిగే క్రాస్ కంట్రీ ఒక క్రీడ. చలికాలంలో పైకప్పు కింద జరిగే ఇండోర్ ట్రాక్ ఇంకొకటి. ఎండ వచ్చాక జరిగే ఔట్‌డోర్ ట్రాక్ మరొకటి. దూరపు పరుగుల కుర్రాడు మూడింట్లోనూ పరిగెత్తుతాడు కాబట్టి అతనొక్కడే మూడు క్రీడలు. అమ్మాయిల జట్టునూ కలిపితే పద్దులో ఆరు. షాట్‌పుట్ విసిరేవాడు ఇండోర్‌లోనూ ఔట్‌డోర్‌లోనూ పనికొస్తాడు గానీ, ఆ ఒళ్లు వేసుకుని క్రాస్ కంట్రీ కొండలెక్కలేడు. అతని విలువ రెండు. జావెలిన్‌కు ఇండోర్‌లో చోటే లేదు, దాని విలువ ఒకటి. ఈ పట్టిక ప్రకారం ఒక పరుగు వీరుడు ముగ్గురు జావెలిన్ వీరులతో సమానం. ఉపాధి హామీ మస్టర్‌లో ఒకే కూలీ పేరు మూడు పనుల కింద ఎక్కించడం చూసిన తెలుగు పాఠకుడికి ఈ సూత్రం విడమరిచి చెప్పనక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ సోషల్ ఆడిట్‌కు వచ్చినవాళ్లు పట్టుకుంటారు, ఇక్కడ నిబంధనల పుస్తకమే రాసి పెడుతుంది.

ఫీల్డ్ అంశాలు పూర్తిగా పోయాయనడం తొందరపాటు. 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో 28 అడ్డుకర్రలు, 7 నీటి గుంతలు ఉంటాయి. లాంగ్ జంప్ ఆటగాడు ఫైనల్లో మహా అయితే ఆరుసార్లు దూకుతాడు. స్టీపుల్‌చేజ్ వీరుడు ఒక్క పోటీలో 35 సార్లు దూకుతాడు, పైగా ఇసుక ఖర్చు లేదు. త్రోల సంగతీ అంతే. పదివేల మీటర్ల పరుగులో ఉక్క భరించలేక టోపీ తీసి పక్కకు విసిరే కుర్రాడు ప్రతి జట్టులోనూ ఒకడుంటాడు. టేపు పట్టుకుని ఎవరూ వెళ్లకపోవడం వల్ల అతని దూరాలు ఇంతవరకూ రికార్డుకెక్కలేదు. డెకాథ్లాన్ పది అంశాల్లో ఆరు ఫీల్డ్‌వి, మూడు పొట్టి పరుగులు. మిగిలేది చివరి 1500 మీటర్లే. రెండు రోజులు సాగే పోటీ ఇకపై నాలుగైదు నిమిషాల్లో తేలిపోతుంది, హోటల్ గది అద్దె కలిసొస్తుంది. పోల్‌వాల్ట్‌కు మాత్రం ప్రత్యామ్నాయం ఇంకా దొరకలేదు.

ఇంకా పొదుపు చేయవచ్చు. పదివేల మీటర్లంటే ట్రాక్ చుట్టూ 25 రౌండ్లు. ఒక కుర్రాడు మూడు క్రీడలైనప్పుడు ఒక్కో రౌండు ఒక్కో క్రీడ ఎందుకు కాకూడదు? అలా లెక్కిస్తే ఒకే పోటీలో 16 క్రీడల షరతు తీరిపోయి ఇంకా 9 మిగులుతాయి. మిగిలినవాటిని ఇబ్బందుల్లో ఉన్న పొరుగు యూనివర్సిటీలకు అద్దెకివ్వవచ్చు.

కొత్త పద్ధతికి తగ్గట్టు చరిత్రనూ సవరించుకోవాలి. ఈ పని సగం తేలికే, ఎందుకంటే ఆదిపురుషుడు సిద్ధంగా ఉన్నాడు. కెన్యా నుంచి వచ్చి పుల్మన్‌లో చదువుకున్న హెన్రీ రోనో, 1978లో 81 రోజుల్లో నాలుగు ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టాడు. 5000 మీటర్లు, 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్, 10,000, 3000. చుట్టూ గోధుమ పొలాల గుట్టలున్న ఆ చిన్న ఊరు పేరు ప్రపంచానికి తెలిసింది అతనివల్లే. 1984 లాస్ ఏంజెలిస్‌లో స్టీపుల్‌చేజ్ స్వర్ణం గెలిచిన జూలియస్ కోరిర్ కూడా ఈ యూనివర్సిటీ వాడే. వీళ్లిద్దరితో ఏ పేచీ లేదు. చిక్కల్లా మిగతావాళ్లతోనే. 1975లో డిస్కస్‌లో ప్రపంచ రికార్డు నెలకొల్పిన దక్షిణాఫ్రికా మనిషి జాన్ వాన్ రీనెన్ విసరడం ఇక్కడే సాన పట్టుకున్నాడు. 1984లో ఐవరీ కోస్ట్‌కు మొట్టమొదటి ఒలింపిక్ పతకం తెచ్చిన గాబ్రియేల్ తియాకో ఈ బడి విద్యార్థే, కాకపోతే పరిగెత్తింది 400 మీటర్లు. కొత్త కొలత ప్రకారం మొదటివాడు ఆట తెలియనివాడు, రెండోవాడు పరిమితంగా తెలిసినవాడు.

ఇక అభిమాని. ఫీల్డ్ అభిమాని ప్రధాన గ్యాలరీలో కనిపించడు. హేమర్ పోటీ ప్రమాదకరం కాబట్టి దాన్ని మైదానంలో ఓ మూలకు నెడతారు. అతను మడత కుర్చీ చంకన పెట్టుకుని అక్కడికే పోతాడు, వల కట్టిన పంజరం వెనక చేరతాడు. కాంక్రీటు వృత్తం వ్యాసం 2.135 మీటర్లు. గుండు, తీగ, పిడి కలిపి 7.26 కిలోలు. కుర్రాడు బూట్ల అడుగులు తువ్వాలుతో తుడుచుకుని వృత్తంలోకి వస్తాడు. గ్లోవు తొడిగిన ఎడమ చేతి మీద కుడి చెయ్యి వేసి పిడి బిగిస్తాడు. తల చుట్టూ రెండు తిప్పులు తిప్పి, మడమ మీదా మునివేళ్ల మీదా నాలుగు చుట్లు తిరుగుతాడు. తీగ చేసే శబ్దాన్ని బట్టే త్రో బాగా వచ్చిందో లేదో అభిమానికి తెలిసిపోతుంది, గుండు ఎటు పోయిందో అతను చూడనక్కర్లేదు. దూరంగా గడ్డి పెళ్ల లేస్తుంది. తెల్ల జెండా పైకి లేచాక ఒకాయన గుంత దగ్గర టేపు కొస పెడతాడు, ఇంకొకాయన వృత్తం దగ్గర వంగి అంకె చదువుతాడు. ఆ అంకె వినడానికి పంజరం వెనక పాతిక మంది ఊపిరి బిగబడతారు. వాళ్లలో సగం మంది విసిరేవాళ్ల తల్లిదండ్రులు.

సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌తో ముఖాముఖి మీట్ ఈ అభిమానికి పెద్ద పండగ. కొత్త పద్ధతిలో ఆ పండగ ఎలా సాగుతుందో ఊహించడం కష్టం కాదు. ప్రత్యర్థి జట్టు పిల్లాడు షాట్ గుండు మోసుకొచ్చి వృత్తంలో నిలబడి, ముందుకు తూలకుండా ఫౌల్ కాని త్రో ఒక్కటి వేస్తే చాలు, గెలిచినట్టే. పుల్మన్ అభిమాని అప్పుడూ చప్పట్లు కొట్టవచ్చు. ఎవరికి కొడుతున్నాడో ప్రకటనలో స్పష్టత లేదు.

కారణం డబ్బు. ఆ డబ్బు ఎలా పోయిందన్నది రహస్యమేమీ కాదు. ఈ యూనివర్సిటీ ఉన్న పాక్-12 కాన్ఫరెన్స్ నుంచి బయటికి నడుస్తున్నట్టు 2022లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ యూనివర్సిటీలు ప్రకటించాయి. 2023 సెప్టెంబర్ మొదటికల్లా మిగతావీ వేరే చోట్లు చూసుకున్నాయి. పన్నెండింట్లో రెండే మిగిలాయి, వాటిలో ఇదొకటి. అందరూ వెళ్లింది టీవీ వాళ్లు ఫుట్‌బాల్‌కు కట్టే సొమ్ము కోసం. దూరపు పరుగుల కోసం ఎవరూ వెళ్లలేదు, హేమర్ కోసమూ వెళ్లలేదు. పైగా 2025 జూన్ 6న కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్‌తో, యూనివర్సిటీలు మొదటి ఏడాది 2.05 కోట్ల డాలర్ల వరకూ ఆటగాళ్లకు నేరుగా చెల్లించే వీలు వచ్చింది. దశాబ్దాలుగా ఊరికే ఒళ్లు హూనం చేసుకున్న ఫుట్‌బాల్ కుర్రాళ్లకు జీతం రావడం న్యాయమే. ఆ జీతం ఈటె విసిరే పిల్ల దగ్గర వసూలు చేయడం ఏ న్యాయం? టీవీ ఒప్పందాల మీద సంతకాలు చేసింది ఆమె కాదు. కాన్ఫరెన్స్‌ను కూల్చింది ఆమె కాదు. ఏళ్ల తరబడి ఫుట్‌బాల్ ఖర్చులకు పద్దు రాసింది ఆమె కాదు. ఆ పనులు చేసిన పెద్దల్లో ఎవరినీ ఎవరూ 'పరిమితం' చేయలేదు. సెటిల్‌మెంట్‌లో చేరిన యూనివర్సిటీలకు ఫుట్‌బాల్ జట్టు పరిమితి 105 మంది, ట్రాక్ జట్టుది 45. నూట అయిదుగురిలో మైదానంలోకి దిగేది ఒకసారికి పదకొండు మంది. మిగతా తొంభై నలుగురి మీద దృష్టి పెడతామని ఒక్క ప్రకటనా రాలేదు. పరుగుల మీద ప్రేమతో పరుగుల్ని ఉంచి ఉంటే కనీసం స్ప్రింట్ల గొంతు నొక్కేవారు కాదు. ఉంచుకున్నది పరుగుల్ని కాదు, 16 అనే అంకెను. ఆ అంకె కూడా పరిగెత్తే పిల్లల కోసం కాదు, ఫుట్‌బాల్ పై శ్రేణిలో ఉండటానికి కట్టే రుసుము. చివరికి ఆ పరుగు పిల్లలకు దక్కింది కూడా గౌరవం కాదు, కూలి లేని అదనపు హాజరు.

జావెలిన్ కోసమే ఈ ఊరు ఎంచుకున్న రెండో ఏడాది విద్యార్థిని ముందు రెండు దారులున్నాయి. చదువు ఉంచుకుని ఈటె వదలడం, ఈటె ఉంచుకుని ఊరు వదలడం. రెండో దారి పడితే, 45 మంది పరిమితికి లొంగి అదే వేసవిలో సొంత జట్టు జాబితాలోనే పేర్లు కొట్టేస్తున్న కోచ్‌ల తలుపు తట్టాలి. సెప్టెంబర్‌కల్లా పుల్మన్‌లో క్రాస్ కంట్రీ జాబితా సిద్ధమవ్వాలి. అది ఒకసారి టైప్ చేస్తే చాలు, చలికాలం ఇండోర్‌కూ ఆ తర్వాత ఔట్‌డోర్‌కూ పైన శీర్షిక మార్చి ప్రింటు తీసుకోవచ్చు.